కాలిన కేసినో, ఖాళీ హోటల్, ఏడు పాటలు

స్విట్జర్లాండ్ అనగానే మనోళ్లకి గుర్తొచ్చేది మంచు కొండ మీద పల్చటి చీర. హీరోయిన్ చలికి వణికిపోతూ నవ్వుతుంటుంది, హీరో మాత్రం దళసరి స్వెట్టర్‌లో హాయిగా స్టెప్పులేస్తుంటాడు. ఆన్‌సైట్ పని మీద మూడు నెలలు జ్యూరిక్‌లో ఉన్నప్పుడు మా టీమ్ వాళ్లంతా వీకెండ్ వస్తే ఆ కొండల కోసమే రైలెక్కేవాళ్లు. నేను డిసెంబర్‌లో ఓ శనివారం మోంట్రోకి టికెట్ తీసుకున్నా. లోజాన్‌లో రైలు మారాలి. 'అక్కడేముంది బ్రో?' అనడిగాడు మా రూమ్మేట్. 'ఒక ఆల్బమ్ ఉంది' అన్నా. వాడికి అర్థం కాలేదు, నేనూ విడమర్చలేదు.

ఆ ఆల్బమ్ పేరు 'మెషిన్ హెడ్'. బ్యాండ్ పేరు డీప్ పర్పుల్. 1972 మార్చిలో వచ్చింది. మీరు ఆ పేరు విని ఉండకపోవచ్చు గానీ అందులో ఒక పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్క మాత్రం కచ్చితంగా వినే ఉంటారు. ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లోనూ గిటార్ కొన్న మొదటి రోజే ప్రతివాడూ వాయించే ముక్క అది. 'స్మోక్ ఆన్ ది వాటర్'. నీళ్ల మీద పొగ. ఆ నీళ్లు మోంట్రో సరస్సువి. ఆ పొగ కూడా నిజం పొగే.

లోజాన్ దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. సరస్సు రైలు పక్కనే పరిగెడుతుంది. మ్యాపులో లేక్ జెనీవా, అక్కడివాళ్లకి లెమాన్. అవతలి ఒడ్డు ఫ్రాన్స్. నేను వెళ్లినరోజు మబ్బు ఎంత కిందికి దిగిందంటే అవతలి కొండలకి నడుము నుంచి పైన ఏమీ లేదు. స్టేషన్ నుంచి కిందికి దిగితే సంత జరిగే మండువా, దాని ముందు నీళ్లవైపు తిరిగి పిడికిలెత్తిన ఫ్రెడ్డీ మెర్క్యురీ విగ్రహం. మూడు మీటర్ల ఎత్తు. సెల్ఫీల కోసం క్యూ ఉంది. అక్కడికి దగ్గర్లోనే, ఒడ్డు మీదే, డీప్ పర్పుల్ పేరూ, పాట పేరూ, ఆ గిటార్ ముక్క స్వరలిపీ ఉన్న చిన్న స్మారకం ఉంది. దాని దగ్గర క్యూ లేదు. ఓ పిల్లాడు దాని మీదకెక్కి క్రిస్మస్ సంతలో కొన్న వాఫుల్ తింటున్నాడు. నాకైతే ఆ సీన్ నచ్చింది.

ఒడ్డు వెంట ఇంకొంచెం నడిస్తే కేసినో. ఇప్పుడున్నది 1975లో మళ్లీ తెరిచింది. పాతది 1881 నాటిది. 1971 డిసెంబర్ 4, శనివారం, ఆ పాత కేసినోలో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ. శీతాకాలానికి కేసినో మూసేసే ముందు అదే ఆఖరి ప్రోగ్రామ్. అది అయిపోతే హాలు డీప్ పర్పుల్‌కి ఇస్తారు, వాళ్లు అందులో కొత్త ఆల్బమ్ రికార్డ్ చేసుకుంటారు. అదీ ప్లాన్. స్టూడియోలో కాకుండా హాల్లో, స్టేజీ మీద వాయించినట్టే వాయించి పట్టుకోవాలని వాళ్ల ఆశ. అందుకోసం రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో, అంటే చక్రాల మీద తిరిగే రికార్డింగ్ ట్రక్కు, అద్దెకు తెచ్చుకున్నారు.

కచేరీ మధ్యలో జనంలోంచి ఎవడో ఫ్లేర్ గన్ పైకప్పులోకి పేల్చాడు. ఓడల వాళ్లు ఆపదలో సంకేతంగా పేల్చే మంట తుపాకీ అది. కప్పు అంటుకుంది. చూస్తుండగానే కేసినో మొత్తం తగలబడింది. ఎవరూ చనిపోలేదు. మోంట్రో జాజ్ ఫెస్టివల్ పెట్టినవాళ్లలో ఒకడైన క్లోద్ నోబ్స్ లోపలికీ బయటికీ పరిగెడుతూ పిల్లల్ని బయటికి లాగాడు. పాటలో ఆయన పేరు కూడా వస్తుంది. జప్పా బ్యాండ్ సామానంతా బూడిద. పాపం, వారం తిరక్కుండానే లండన్ కచేరీలో ఓ ప్రేక్షకుడు జప్పాని స్టేజీ మీంచి తోసేస్తే ఆయన ఎముకలు విరిగి నెలల తరబడి మంచాన పడ్డాడు. 'ఈసారి టూర్ అచ్చిరాలేదు' అనే మాట ఆయనకి చాలా చిన్నది.

ఆ సాయంత్రం డీప్ పర్పుల్ వాళ్లు హోటల్లోంచి చూస్తుంటే పొగ సరస్సు మీద పరుచుకుందట. కొన్నాళ్లకి బాస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్ నిద్రలేస్తూనే ఆ నాలుగు మాటలూ నోట్లోంచి వచ్చాయి. డ్రగ్స్ పాట అనుకుంటారేమో అని మొదట తటపటాయించాడట కూడా.

నేను కేసినో ముందు నిలబడి మా సీనియర్ అన్నకి వీడియో కాల్ చేశా. హైదరాబాద్‌లో అప్పుడు రాత్రి ఏడున్నర. హాస్టల్లో ఈ ఆల్బమ్ నాకు వినిపించింది ఆయనే. 'షఫుల్‌లో పెడితే తంతా. మొదటి పాట నుంచి చివరిదాకా వరసలో విను. 37 నిమిషాలే కదరా' అనేవాడు. కాలేజ్ బ్యాండ్‌లో లీడ్ గిటార్. ఆ సంవత్సరం జూలైలో ఆయన పనిచేసే కంపెనీ ఓ పది నిమిషాల మీటింగ్ పెట్టి ఆయన టీమ్ మొత్తాన్ని తీసేసింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పంపేవాడు. గిటార్ అటక మీద ఉందని వదిన చెప్పింది.

ఆరోజు ఎత్తాడు.

'ఎక్కడ్రా అది?'

'కేసినో ముందున్నా అన్నా. కాలిపోయింది ఇక్కడే.'

'కెమెరా నీళ్లవైపు తిప్పు.'

తిప్పా. చాలాసేపు మాట్లాడలేదు. గాలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. 'ఇంకొంచెం ఎడమకి తిప్పరా' అన్నాడు. అంతే.

ఈ ఆల్బమ్‌ని ఒక్క గిటార్ ముక్కకి కుదించేవాళ్లతో నాకు పెద్ద పేచీ. ఏడు పాటల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. మొదటిది 'హైవే స్టార్'. బస్సులో కచేరీకి వెళ్తుంటే 'మీరు పాటలెలా కడతారు?' అని ఓ విలేకరి అడిగితే, గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ ఒకే తీగవరస గీకుతూ, గాయకుడు ఇయాన్ గిలాన్ నోటికొచ్చింది పాడుతూ అక్కడికక్కడే మొదలెట్టిన పాట. ఆ రాత్రే స్టేజీ మీద వాయించేశారు. కారు గురించిన పాటే గానీ మధ్యలో ఆర్గన్ సోలో, తర్వాత గిటార్ సోలో వింటే 18వ శతాబ్దపు జర్మన్ చర్చిలోకి వెళ్లొచ్చినట్టుంటుంది. బాక్ స్వరాల మెట్లు దిగినట్టు దిగుతాయి రెండూ. బ్లాక్‌మోర్ ఆ సోలోని ఏ స్వరం తర్వాత ఏ స్వరమో ముందే కూర్చుకుని వాయించాడు. రాక్‌లో అప్పటికి అది అరుదు.

ఆర్గన్ వాయించింది జాన్ లార్డ్. శాస్త్రీయంగా నేర్చుకున్నవాడు, 1969లోనే లండన్ రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో బ్యాండ్‌ని కలిపి కచేరీ రాసినవాడు. ఈయన హామండ్ ఆర్గన్‌ని గిటార్ వాళ్ల మార్షల్ ఆంప్‌లోకి పెట్టాడు. అప్పుడు ఆర్గన్ గుళ్లో గంటలా కాదు, ఘాట్ రోడ్డెక్కే లారీలా గర్జిస్తుంది. చాలామంది గిటార్ అనుకునే శబ్దం సగం ఈయనదే.

రెండోది 'మేబీ ఐయామ్ ఎ లియో', తాళానికి కాస్త పక్కగా అడుగేస్తూ నడిచే పాట. 'పిక్చర్స్ ఆఫ్ హోమ్' ఇయాన్ పేస్ డ్రమ్స్‌తో మొదలై, మధ్యలో బాస్ గిటార్‌కి కూడా సోలో ఇస్తుంది. బాస్ వాళ్ల కష్టాలు తెలిసినవాళ్లకి అదెంత పెద్ద గౌరవమో అర్థమవుతుంది. 'నెవర్ బిఫోర్' నాకు మామూలుగానే ఉంటుంది. తమాషా ఏంటంటే బ్యాండ్ మొదట సింగిల్‌గా వదిలింది దాన్నే. 'స్మోక్' హిట్టవుతుందని వాళ్లకే నమ్మకం లేదు. అది అమెరికాలో సింగిల్‌గా వచ్చింది 1973లో.

'లేజీ' ఏడు నిమిషాలు దాటుతుంది. మొదట ఆర్గన్ ఒళ్లు విరుచుకుంటుంది, తర్వాత బ్లూస్, దానికి జాజ్ ఊపు, చివర్లో గిలాన్ మౌత్ ఆర్గన్ తీస్తాడు. పేరేమో బద్ధకం, వాయించేవాళ్లకేమో చెమటలు. ఇక 'స్పేస్ ట్రకిన్' గ్రహాల మధ్య లారీ నడిపే వెర్రి పాట.

'స్మోక్' దగ్గరికొద్దాం. చిన్నప్పుడు అమ్మ బలవంతం మీద రెండేళ్లు సంగీతం క్లాసుకి వెళ్లా. ఆ పరిజ్ఞానంతో చూస్తే ఆ గిటార్ ముక్కలో ఉన్నవి నాలుగే స్వరాలు: షడ్జం, సాధారణ గాంధారం, రెండు మధ్యమాలు. మన మేళకర్తల్లో రెండు మధ్యమాలూ పక్కపక్కన కూర్చోవు, అందుకే కాబోలు మా టీచర్ ముందు వాయిస్తే ఆవిడ మొహం అదోలా పెట్టారు. బ్లాక్‌మోర్ దాన్ని రెండేసి తీగలు కలిపి, పిక్ లేకుండా వేళ్లతో లాగి వాయించాడు. మొదట గిటార్ ఒక్కటే, తర్వాత డ్రమ్స్ తాళాలు, ఆర్గన్, ఆఖరికి బాస్, ఒక్కొక్కరే వచ్చి చేరతారు. గట్టిగా అరవకుండా బరువు పెంచడం అంటే అదీ.

హాలు కాలిపోయాక నోబ్స్ వాళ్లకి ఊళ్లోనే పవిలియన్ అనే థియేటర్ ఇప్పించాడు. రాత్రిపూట ఈ నాలుగు స్వరాల మోతకి ఊరు లేచింది. పోలీసులొచ్చి తలుపు బాదుతుంటే, టేక్ పూర్తయ్యేదాకా బ్యాండ్ కుర్రాళ్లు లోపల్నుంచి తలుపుని అదిమి పట్టుకున్నారు. అక్కణ్నుంచీ గెంటేశాక దొరికింది గ్రాండ్ హోటల్, చలికాలానికి మూసేసిన ఖాళీ హోటల్.

కేసినో నుంచి ఒడ్డు వెంటే టెరిటే వైపు నడిస్తే అరగంట లోపే అక్కడికి చేరొచ్చు. ఇప్పుడది హోటల్‌గా నడవడం లేదు. బయట నిలబడి ఆ పొడవాటి బాల్కనీలు చూస్తుంటే కథ అంతా కళ్లకి కట్టింది. వరండాల్లో పరుపులు నిలబెట్టి మోత బయటికి పోకుండా అడ్డం పెట్టారు. హీటర్లు తెచ్చిపెట్టారు. ట్రక్కు బయట. రికార్డ్ చేసింది వినాలంటే గదుల్లోంచి గదుల్లోకి, బాల్కనీల మీదుగా మంచులో దిగి ట్రక్కు దాకా పోవాలి, మళ్లీ రావాలి. నాలుగుసార్లు తిరిగాక విసుగొచ్చి వినడమే మానేశారు. ట్రక్కులో ఉన్న ఇంజినీర్ మార్టిన్ బర్చ్ బాగుందంటే బాగున్నట్టే. డిసెంబర్ 6 నుంచి 21 దాకా, రెండు వారాల్లో ఆల్బమ్ అయిపోయింది.

రోజుకి నలభైసార్లు బిల్డ్ కొట్టి లాగ్స్ చూసుకునే నాలాంటోడికి అది నమ్మబుద్ధి కాదు. ఈ మాట అన్నకి మెసేజ్ పెట్టా. 'అందుకే ఆ పాటల్లో అంత గాలి ఉంటుందిరా' అని వచ్చింది. బొటనవేలు బొమ్మ కాదు.

ఇంకో విశేషం. 2024లో ఈ ఆల్బమ్‌ని కొత్తగా రీమిక్స్ చేసి విడుదల చేశారు. చేసింది డ్వీజిల్ జప్పా. ఆ రోజు తగలబడిన కచేరీ ఎవరిదో, ఆయన కొడుకు. మొదట పాత మిక్స్ వినండి, తర్వాత ఇది వినండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

వెళ్లాలనుకునేవాళ్లకి: కేసినో లోపల క్వీన్ బ్యాండ్ పాత స్టూడియో చిన్న మ్యూజియంగా ఉంది, నేను వెళ్లినప్పుడు టికెట్ లేదు. ఒడ్డు వెంట 201 నంబర్ బస్సు షిలోన్ కోటదాకా పోతుంది. అక్కడ కాఫీ మాత్రం మన జేబుకి బరువే, థర్మాస్ తీసుకెళ్లండి.

తిరుగు రైల్లో జ్యూరిక్ ఇంకో గంట ఉందనగా అన్న దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు. అందులో పాట లేదు. మెషిన్ హెడ్ అంటే అసలు గిటార్ తల దగ్గర తీగలు బిగించే మర. అది కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది, ఒక్కో తీగా శ్రుతిలోకి పాకుతోంది. 'మూడోది తెగిందిరా. కొత్త సెట్ కొనాలి' అన్నాడు చివర్లో. వెనకాల వదిన అన్నానికి పిలుస్తోంది.