గుంటుపల్లి కొండకు ప్రయాణసన్నాహము

ఏలూరివారమైన మాకు కొండ యనిన వింతయే. కృష్ణా గోదావరుల కాలువలు వచ్చి కలియు నూరు మాది. దక్షిణమునకు పోయినకొలది నేల పల్లమై కొల్లేటిలో కలియును. కాలువగట్టు నెక్కుటయే యిచ్చట నున్నతస్థల మెక్కుట. ఉత్తరముగా కామవరపుకోట దిక్కునకు పోయితిమేని యెఱ్ఱనేలలు, మామిడితోటలు వచ్చును. సుమారు 40 కిలోమీటరుల దూరమున గుంటుపల్లి కొండ యున్నది.

బడి సెలవులని క్రిందటి వేసవిలో పోయి సగము చూచి వచ్చితిమి. సగ మనుట మర్యాదకు. నేను చూచినది క్రింది చెట్టునీడ మాత్రమే. పులిహోర, గారెలు, రెండు పచ్చళ్లు ముగించునప్పటికి తొమ్మిది గంటలయ్యెను. కొండ చేరునప్పటికి మిట్టమధ్యాహ్నము. ఱాతిమెట్లు కాలుచుండెను. చిన్నపిల్ల నాలుగు మెట్లెక్కి కన్నులు తేలవేసినది. దానిని ఒడిలో పెట్టుకొని క్రిందనే యుంటిని.

ఉపాధ్యాయులైన మావారు పైకి పోయి వచ్చి, పాఠము చెప్పినట్లు వర్ణించిరి. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దము నాటి బౌద్ధగుహలవి. చైత్యగృహము గుండ్రనిది, వ్యాసము సుమారు 18 అడుగులు. లోకప్పున వాసములు కొయ్యతో కట్టినట్లే ఱాతిలో తొలిచినారట. ఆ వాసములు బరువు మోయునవి కావు. కొయ్యయిండ్లు కట్టిన చేతుల యలవాటు ఱాతిలోనికి వచ్చినది! నడుమనున్న స్తూపమును ఊరివారు ధర్మలింగేశ్వరుడని కొలుతురు. భిక్షువులు వసించిన గదులు కొండయంచున వరుసగా నున్నవి. వర్ణన బాగుగనే యున్నది. గారెలును బాగుగ నున్నవని యందఱు ననిరి.

విన్నది చూచిన దగునా? ఈ సంక్రాంతి సెలవులలో మరల పోవ నిశ్చయించితిమి. శివరాత్రికైన జనము మెండు. ఈమారు ఏర్పాటు నాది. వంట ముందటి రాత్రియే, పులిహోర యొక్కటే. చింతపండు పట్టిన యన్నము తెల్లవారునప్పటికి చెడదు. తోడు అరటిపండ్లు. మనిషికి రెండు సీసాల నీరు. కొండమీద దొరకునని నమ్మి పోరాదు. పట్టుచీర వలదు, ముతక నూలుచీర మేలు. ఐదింటికి బయలుదేరి, యెండ ముదరకమున్నే, పదింటికి దిగవలెను.

చిక్కు మా యత్తగారితోనే వచ్చినది. కొల్లేటి లంకలో పుట్టినవారు. డెబ్బది యేండ్లకును కొండ యెక్కి యెఱుగరు. మోకాళ్లనొప్పి. "నేను క్రింద కూర్చుండి పిల్లను చూచుకొందునమ్మా" అనిరి. క్రింద కూర్చుండుట యెట్లుండునో యెఱిగినదానను గనుక నేనొప్పుకొనలేదు. పది మెట్లకొకమారు నిలుతము, చేతికఱ్ఱ తెత్తము, పిల్లను మావారెత్తుకొందురు అని చెప్పితిని. మావా రేమియు ననలేదు.

వారము దినములుగా అత్తగారు సాయంకాలము మేడమెట్లెక్కి దిగుచున్నారు. నిన్న మూడుమార్లయినపిదప, కొండకు మెట్లెన్ని యని కుమారు నడిగిరి. లెక్కపెట్టలేదని వారనిరి.

"ఏమిరా, పైదాక పోయియు లెక్కపెట్టలేదా?" అని మరల మేడమెట్ల వైపు నడచిరి.