రోమన్ అంకెల్లో ఓరుగల్లు

రోమన్ అంకెలకు ఉన్న సరంజామా అంతా ఏడు సంజ్ఞలు: I, V, X, L, C, D, M. వీటి విలువలు వరుసగా 1, 5, 10, 50, 100, 500, 1000. ఒకటి, పది, వంద, వెయ్యి ఒక జట్టు. అయిదు, యాభై, అయిదు వందలు ఇంకో జట్టు. ఈ రెండు జట్లూ మనసులో వేరువేరుగా నిలిస్తే సగం పాఠం వచ్చినట్టే. మొదటి జట్టు సంజ్ఞలను పక్కపక్కనే మూడుసార్ల దాకా రాయవచ్చు: III అంటే 3, XX అంటే 20, CCC అంటే 300. రెండో జట్టు సంజ్ఞను రెండోసారి రాసే అవసరమే రాదు. రెండు అయిదులు కలిస్తే పది, దానికి X ఉండనే ఉంది.

పెద్ద విలువ పక్కన చిన్న విలువ వస్తే కలపాలి. VI అంటే 6, LX అంటే 60. చిన్నది ముందు నిలబడితే పెద్దదానిలోంచి తీసివేయాలి. IV అంటే 4, IX అంటే 9. తెలుగు పిల్లలకు ఈ తీసివేత కొత్తేమీ కాదు. గడియారం చూసి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ అని చెప్పేటప్పుడు ఇంట్లో అందరూ చేసే లెక్క ఇదే. అయితే ఏ సంజ్ఞను పడితే దాన్ని, ఎక్కడ పడితే అక్కడ తీసివేయడానికి వీల్లేదు. I ని V, X ల ముందు మాత్రమే పెట్టాలి. X ని L, C ల ముందు, C ని D, M ల ముందు పెట్టాలి. అంటే తీసివేత జంటలు మొత్తం ఆరే: IV, IX, XL, XC, CD, CM. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. యాభైకి ఒకటి తక్కువ కదా అని 49ని IL అని రాసేస్తారు. అది తప్పు. నలభై వేరు, తొమ్మిది వేరు. XL, ఆ పక్కన IX, రెండూ కలిపి XLIX. అలాగే 99 అంటే XCIX, IC కాదు.

ఒకటి నుంచి వంద దాకా పట్టిక వేయించి బట్టీ పట్టించడం చాలా బడుల్లో ఉన్న అలవాటు. అంతకంటే మేలైన దారి సంఖ్యను విస్తరణ రూపంలో విడగొట్టి, ఏ ముక్కకు ఆ ముక్క రాయించడం. దానికి కావలసిన సంఖ్యలు వరంగల్ పిల్లలకు ఊళ్లోనే బోలెడు దొరుకుతాయి. ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరం 1959. దాన్ని 1000, 900, 50, 9 అని విడదీస్తే M, CM, L, IX వస్తాయి. కలిపి రాస్తే MCMLIX. కాకతీయ వైద్య కళాశాల పుట్టిన సంవత్సరమూ అదే. ఇంజినీరింగ్ కళాశాల నిట్‌గా మారిన 2002 రాయడం చిటికెలో పని: MMII. కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1976 కొంచెం పొడుగు: MCMLXXVI. రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన 2021ని MMXXI అని రాయాలి. రుద్రమదేవి మరణించిన 1289 మాత్రం పిల్లల ఓపికను పరీక్షిస్తుంది. వెయ్యికి M, రెండు వందలకు CC, ఎనభైకి LXXX, తొమ్మిదికి IX. తొమ్మిది సంజ్ఞల MCCLXXXIX. ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైన 1323 కూడా తొమ్మిది సంజ్ఞలే తీసుకుంటుంది: MCCCXXIII. ఇలా పది పన్నెండు సంవత్సరాలు రాసేసరికి పట్టిక అక్కర లేకుండానే పద్ధతి చేతికి వస్తుంది, ఊరి చరిత్రా కొంత తెలుస్తుంది.

పాఠ్యపుస్తకంలో కనిపించే కచ్చితత్వం రోమన్లు ఎప్పుడూ పాటించలేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. రోమ్ నగరంలోని కొలోసియం ద్వారాల మీద చెక్కిన సంఖ్యలు కొన్ని ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. వాటిలో 44వ ద్వారం మీద XLIIII అని ఉంది. నలభైకి తీసివేత పద్ధతి వాడిన చేయే నాలుగుకు నాలుగు గీతలు గీసింది. గోడ గడియారాల్లోనూ చాలావాటి మీద నాలుగో గంట దగ్గర IV బదులు IIII కనిపిస్తుంది. ఎదురుగా ఉండే VIII తో చూపుకు సరితూగడానికి అలా రాస్తారని చెబుతారు. బడిలో IV అనే రాయాలి. కానీ గడియారం చూసి IIII అని రాసిన పిల్లవాడిని కోప్పడటం మాత్రం న్యాయం కాదు.

ఈ అంకెలతో కూడికలు తేలికే. ఉదాహరణకు హనుమకొండ వేయిస్తంభాల గుడినే తీసుకోవచ్చు. రుద్రదేవుడు దాన్ని కట్టించినప్పటి శాసనంలో కాలం శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంది. శకవర్షానికి మామూలుగా 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. కానీ ఈ మాఘమాసం జనవరిలో పడింది. అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది కాబట్టి 79 కలపాలి. 1084 అంటే MLXXXIV, 79 అంటే LXXIX. ముందుగా తీసివేత జంటలను విప్పుకోవాలి. IV ని IIII గా, IX ని VIIII గా మార్చి, రెండు సంఖ్యల సంజ్ఞలనూ ఒకే కుప్పగా పోయాలి. ఎనిమిది I లు కలిసి VIII అవుతాయి. ఇప్పటికే ఉన్న V తో చేరితే XIII. మూడు X లు, రెండు X లు కలిస్తే L. రెండు L లు కలిస్తే C. పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పేర్చుకుంటే M, C, L, XIII. అంటే MCLXIII, 1163. ఆ సంవత్సరం జనవరి 19, శనివారం.

ఎక్కాలు రాకపోయినా, స్థాన విలువ తెలియకపోయినా ఈ కూడిక చేయవచ్చు. రోమన్ పద్ధతికి ఉన్న బలం అదే. గుణకారం దగ్గర ఆ బలం చాలదు. రోమ్ వర్తకులు గుణకారాలూ భాగహారాలూ అంకెలతో చేయలేదు. గీతలున్న పలక మీద గులకరాళ్లు జరిపి చేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే అంకెల్లో రాసుకున్నారు. పెద్ద సంఖ్యలు ఇంకో ఇబ్బంది. పై నియమాలతో రాయగలిగేది 3999 వరకే: MMMCMXCIX. ఆపైన సంజ్ఞ నెత్తిన అడ్డగీత గీసి, దాన్ని వెయ్యి రెట్లుగా చదువుకోవాలి.

ఆ శాసనంలోని 1084 దగ్గర ఇంకాస్త ఆగాలి. శిల్పి దాన్ని అంకెల్లోనే చెక్కాడు. నాలుగే గుర్తులు: ఒకటి, సున్న, ఎనిమిది, నాలుగు. రోమన్‌లో దానికే ఏడు గుర్తులు కావాలి. పొదుపు కంటే ముఖ్యమైనది వందల స్థానంలోని సున్న. MLXXXIV లో వందల గురించి ఏమీ రాయలేదు. వందలు లేవు కాబట్టి గుర్తూ లేదు, అంతే. హనుమకొండ రాతిలో వందలు లేవన్న మాటనే ఒక గుర్తుగా చెక్కారు. ఆ గుర్తు వల్లే ఎడమనున్న ఒకటి వెయ్యిగా నిలిచింది. దాన్ని తీసేస్తే మిగిలేది 184. రోమన్ అంకెల్లో M ఎక్కడున్నా వెయ్యే. అక్కడ విలువ సంజ్ఞది, ఇక్కడ విలువ చోటుది. రోమన్ అంకెల పాఠం చెప్పే ప్రతి బడిలోనూ దీన్ని పక్కనే పెట్టి చూపాలి. వరంగల్ బడులైతే పిల్లలను గుడికి తీసుకుపోయి శాసనస్తంభం ముందే చెప్పవచ్చు.

అదే కాలంలో ఐరోపా ఎక్కడుందో చూస్తే ఈ రాతి విలువ తెలుస్తుంది. సున్నతో కూడిన భారతీయ అంకెలను అక్కడి వర్తకులకు వివరంగా పరిచయం చేసిన ఫిబొనాచీ గ్రంథం లీబెర్ అబాచీ వెలువడింది 1202లో, అంటే MCCII లో. అప్పటికి గణపతిదేవుడు సింహాసనం ఎక్కి మూడేళ్లయింది. వేయిస్తంభాల గుడి శాసనం చెక్కి దాదాపు నలభై ఏళ్లు. ఆ పుస్తకం వచ్చిన తర్వాత కూడా కొత్త అంకెలకు అక్కడ తలుపులు వెంటనే తెరుచుకోలేదు. 1299లో ఫ్లోరెన్స్ నగరంలో డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం తమ ఖాతా పుస్తకాల్లో వాటిని వాడకూడదని కట్టడి చేసింది. కొత్త అంకెలను దిద్దడం తేలికన్న భయం అందుకు ఒక కారణమంటారు. మన వైపు అంకెల లెక్క అప్పటికే తెలుగు పద్యాల్లోకి కూడా ఎక్కింది. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించాడు.

రోమన్ అంకెలు తెలంగాణ నేలకు ఇంగ్లీషువాళ్లతోనే వచ్చాయనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. రోమన్ వెండి నాణేలు రెండువేల ఏళ్ల నాడే వర్తకంతో దక్కనుకు చేరాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వాటి పెద్ద నిధే బయటపడింది. ఆనాటి చక్రవర్తుల నాణేలు కొన్నింటి మీద బిరుదుల పక్కన X, XII వంటి సంఖ్యలు ఉంటాయి. అయితే నాణెం వచ్చింది గానీ దానితో లెక్కపద్ధతి రాలేదు. ఇక్కడివాళ్లకు కావలసింది వెండి.

ఇప్పుడు రోమన్ అంకెలతో ఎవరూ లెక్కలు చేయరు. అవి వరుసను, తరగతిని, భాగాన్ని చూపే గుర్తులుగా మిగిలాయి. ఆ పనిలో మాత్రం వాటికి సాటి లేదు. VI నుంచి X దాకా తరగతి గదుల మీద ఉండేవి అవే. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో లెక్కల పేపర్లు II-ఏ, II-బీ. హనుమకొండ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద గ్రూప్-I, గ్రూప్-II. రసాయనశాస్త్రంలో ఇనుము(II), ఇనుము(III) వేరువేరు సమ్మేళనాలనిస్తాయి, అక్కడ ఒక్క గీత తేడా వస్తే పదార్థమే మారిపోతుంది. వైద్య విద్యార్థులు మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నాడులను I నుంచి XII వరకు లెక్కపెడతారు, X అంటే వేగస్ నాడి. చరిత్రకారులు కాకతీయ రాజులను ప్రోల-I, ప్రోల-II అని విడదీసి చెబుతారు. శాసనాల్లో అలాంటి సంఖ్యలు ఉండవు, తాత పేరు మనవడికి పెట్టే వంశంలో ఎవరెవరో తెలియడానికి తర్వాతివాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

ఈ గుర్తుల పద్ధతిని అన్నిటికంటే స్పష్టంగా చూపేది భారత రాజ్యాంగం. దాని భాగాలకు ఉన్నవి రోమన్ సంఖ్యలే. III వ భాగంలో ప్రాథమిక హక్కులు, IV వ భాగంలో ఆదేశిక సూత్రాలు, IX వ భాగంలో పంచాయతీలు. ఉద్యోగార్థులు తప్పక చదివే 371-డి అధికరణం ఉన్నది XXI వ భాగంలో. 1976లో ప్రాథమిక విధులను చేర్చినప్పుడు తర్వాతి భాగాల సంఖ్యలు మార్చలేదు. IV కు పక్కన IV-ఏ అని పెట్టారు. 1956లో VII వ భాగాన్ని తొలగించినప్పుడూ మిగతావాటిని ముందుకు జరపలేదు. అందుకే ఈనాటికీ రాజ్యాంగంలో VI తర్వాత అమలులో ఉన్న భాగం VIII.