జార్జియా నాటకశాలలో షేక్స్పియరు

ఒక భాషలోని మహానాటకమును మరియొక భాషలోనికి తెచ్చువాని శ్రమ లోకమునకు కానరాదు. తెర పడిన పిదప ప్రేక్షకులు కవిని కొనియాడుదురు, నటుని మెచ్చుకొందురు. ఆ మాటలను తమ భాషలో పలికించిన వానిని తలచువారు అరుదు. అయినను జార్జియా దేశీయులు అట్టి అనువాదకుని ఒకనిని నేటికిని మరువలేదు. ఆయనయే ఇవానె మచాబెలి.

జార్జియా దేశము కాకసస్ పర్వతములకును నల్ల సముద్రమునకును చేరువనున్నది. దేశము చిన్నదే కాని దాని భాష మిక్కిలి ప్రాచీనమైనది. దానికి స్వంత లిపియు కలదు. ఎనిమిది శతాబ్దములకు పూర్వమే షోతా రుస్తవేలి యను మహాకవి ఆ భాషలో గొప్ప కావ్యమును రచించెను. అయితే 1801వ సంవత్సరమున ఆ దేశపు తూర్పు భాగము రష్యా చక్రవర్తుల యేలుబడిలోనికి వచ్చెను. కచేరీలలో రష్యను భాష, పెద్ద చదువులకు రష్యను భాష. తల్లిభాష వంటయింటికిని పొలము గట్టునకును మాత్రమే పరిమితమై పోవునేమో యని విజ్ఞులు భయపడిరి. గొప్ప భావములను పలుకుటకు జార్జియను భాష చాలదని చులకన చేయువారును లేకపోలేదు. ఆ మాటకు వాదముతో గాక పనితో బదులు చెప్పినవాడు మచాబెలి.

ఆయన 1854వ సంవత్సరమున తమరషేని యను గ్రామమున ఒక ప్రభువంశమున జన్మించెను. పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున చదివి, పిదప జర్మనీ, ఫ్రాన్సు దేశములలో విద్య నభ్యసించెను. పరదేశముల చదువు ఆయనను స్వభాషకు దూరము చేయలేదు సరికదా, మరింత దగ్గర చేసెను. ఆ కాలమున జార్జియాలో ఇల్యా చవ్చవాద్జె యను కవి జాతికి పెద్దదిక్కుగా నుండెను. ఆయన మచాబెలికంటె పదునేడేండ్లు పెద్దవాడు. వారిరువురును కలిసి షేక్స్పియరు రచించిన లియరు రాజు నాటకమును జార్జియను భాషలోనికి తెచ్చిరి. అది 1877లో అచ్చయ్యెను. అప్పటికి మచాబెలి వయస్సు ఇరువది మూడేండ్లు మాత్రమే.

1879లో త్బిలిసీ నగరమున జార్జియను నాటకసమాజము మరల స్థిరపడెను. నటులు దొరకిరి, ప్రేక్షకులు వచ్చిరి. కాని ఆడదగిన గొప్ప నాటకములు కొలదిగా నుండెను. ఆ కొరతను తీర్చుటకు మచాబెలి పూనుకొనెను. హామ్లెట్ 1886లోను, ఒథెల్లో 1888లోను, మాక్బెత్ 1892లోను, మూడవ రిచర్డు 1893లోను, జూలియస్ సీజరు 1896లోను, ఆంటొనీ క్లియోపాత్రా 1898లోను వెలువడినవి. ఇంతటి పని చేయుచునే ఆయన పత్రికా సంపాదకత్వమును, నాటకసమాజ వ్యవహారములను కూడ వహించెను.

నాటకమును అనువదించుట కథను అనువదించుట వంటిది కాదు. కథ చదువువాడు అర్థము కాని వాక్యమును మరల చదువుకొనవచ్చును. నాటకశాలలో కూర్చున్నవానికి ఆ యవకాశము లేదు. నటుని నోట వెలువడిన మాట ఒక్కసారియే చెవిని పడును. ఆ క్షణముననే మనస్సున నాటవలెను. అందుచేత అనువాదకుడు నిఘంటువును మాత్రమే నమ్ముకొన్న చాలదు. నటుని ఊపిరి యెంతవరకు నిలుచును, కోపము నందు మాట యెట్లు తెగును, దుఃఖము నందు ఎట్లు సాగును అని చెవితో వినుచు వ్రాయవలెను.

భాషాభేదము మరియొక చిక్కు. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు హెచ్చు. షేక్స్పియరు పాదమున సాధారణముగా పది అక్షరములే యుండును. జార్జియను భాషలో ఒక్క క్రియాపదమే చేసినవానిని, చేయించుకొన్నవానిని తనలో ఇముడ్చుకొని పొడవుగా సాగును. పది అక్షరములలో దానిని బిగించిన భావము తెగిపోవును. అందుచే మచాబెలి పదునాలుగు అక్షరముల పాదమును గ్రహించెను. అది మూలమునకు ఎదురుతిరుగుట కాదు. మూలమునకు స్వభాషలో చోటు చూపుట. జార్జియనులో ‘అతడు’, ‘ఆమె’ యను భేదము లేదు. రెంటికిని ఒకే సర్వనామము. ఎవరిని గూర్చి పలుకుచున్నారో వినువానికి తెలియునట్లు వాక్యమును కూర్చుట అనువాదకుని నేర్పు. ఇట్టి చిక్కులను దాటి వచ్చిన హామ్లెట్టును లాదో మెస్ఖిష్విలి యను నటుడు రంగమున నిలిపి పేరొందెను.

మచాబెలి జీవితము సుఖముగా ముగియలేదు. ప్రభువుల భూమిబ్యాంకు విషయమున ఆయనకును చవ్చవాద్జెకును తీవ్రమైన విరోధము పొడమెను. ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒకే నాటకమును తెనిగించినట్టుగా తమ భాషకు తెచ్చిన ఇరువురు ప్రతిపక్షులైరి. దేశహితము కోరుటలో ఇరువురును ఒక్కటియే. మార్గము నందే భేదము. మంచివారి నడుమను ఇట్టి యెడబాటు కలుగుట లోకమున కనబడుచున్నదే.

1898వ సంవత్సరము జూన్ 26వ తేదీన మచాబెలి త్బిలిసీలోని తన యింటినుండి బయలుదేరెను. మరల తిరిగి రాలేదు. ఎంత వెదకినను ఆయన జాడ తెలియలేదు. అప్పటికి ఆయన వయస్సు నలువది నాలుగేండ్లు. ఆయన ఏమయ్యెనో నేటికిని ఎవ్వరును ఎరుగరు.

మనిషి మాయమయ్యెను, మాట నిలిచెను. ఆయన అనువాదములు జార్జియను సాహిత్యమున ప్రామాణికములుగా వెలసినవి. త్బిలిసీలో ఒక వీధికి ఆయన పేరు పెట్టిరి. జార్జియా రచయితల భవనము ఆ వీధియందే యున్నది.

పరభాషలోని సంపదను చూచి తన భాషను చిన్నచూపు చూచువారు కొందరు. తన భాషయే చాలునని పరభాషలకు తలుపు మూయువారు మరికొందరు. మచాబెలి ఈ రెండు త్రోవలను విడిచెను. పరాయి సంపదను ఇంటికి తెచ్చి, దానిని మోయగల బలము తన భాషకు కలదని నిరూపించెను. భాషపై ప్రేమ యనగా దానిని పొగడుట మాత్రమే కాదు. దానిచే గొప్ప పని చేయించుట.