అడగకుండా పెట్టే చెయ్యి

పేదవాడికి అన్నం పెట్టేటప్పుడు దేవుడి మాట చెప్పవచ్చా, చెప్పకూడదా అన్న వాదన చాలాకాలంగా జరుగుతోంది. వాదించేవాళ్ళు ఎక్కువగా పెట్టేవాళ్ళే. చెప్పడం మా ధర్మం అని ఒకరంటారు, వాళ్ళను ఆపడం మా ధర్మం అని ఇంకొకరంటారు. తీసుకునేవాళ్ళను పిలిచి, మీరేమంటారు అని అడిగినవాళ్ళు తక్కువ. మేము గోదావరి, శబరి ఒడ్డు ఏజెన్సీ గూడేలలో పుట్టిన కోయ పంతుళ్ళం. తీసుకున్న ఇళ్ళలోనే పెరిగాం. ఇప్పుడు ఏదైనా పంచేచోట పేర్ల జాబితా రాసేదీ మేమే. అందుకని మా మాట మేమే చెప్పుకుంటున్నాం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. శబరి ఎగదన్ని లోపలి గూడేలను కూడా ముంచింది. మెట్ట మీదున్న బడులు పునరావాస కేంద్రాలయ్యాయి. ఒక్కో తరగతి గదిలో నాలుగైదు కుటుంబాలు, వరండాలో మేకలు, కోళ్ళు. నీళ్ళు తీశాక లారీలు రావడం మొదలైంది. ఒక లారీవాళ్ళు ప్రార్థన అయ్యాకే మూటలు దించారు. కళ్ళు మూసుకోమంటే అందరూ మూసుకున్నారు. ముత్యాలమ్మకు కోడిని మొక్కుకున్న ముసలమ్మ కూడా మూసుకుంది. ఇంకో లారీవాళ్ళు తమ దేవుడికి జై కొట్టినవాళ్ళకే సంచి అందించారు. ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి కూడా జై కొట్టాడు. మూడో లారీలో పట్నం కుర్రాళ్ళు వచ్చారు. బాలింతలు ఎక్కడున్నారో, మంచం పట్టినవాళ్ళు ఎవరో అడిగి ముందు వాళ్ళకు దుప్పట్లు, పాలపొడి ఇచ్చి, మిగతావి జాబితా ప్రకారం పంచి వెళ్ళిపోయారు. వాళ్ళది ఏ మతమో మాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆ ముసలమ్మను అడిగాం. "కళ్ళు మూసుకుంటే బియ్యం ఇత్తామన్నారు, మూసుకున్నా. నా వేల్పుకు తెలవదా నా ఆకలి?" అంది. ఆమె నమ్మకానికి ఏమీ కాలేదు. కానీ ఆ పూట ఆమె చేత ఒక నటన చేయించారు. అది ఫోటోలోకి ఎక్కింది. ఆ ఫోటో చూసినవాళ్ళు ఒక ఆత్మ దారికొచ్చిందనుకుంటారు. రెండో లారీ ఫోటో చూసినవాళ్ళు ఒక ఇల్లు వెనక్కొచ్చిందనుకుంటారు. ఆకలిని భక్తి కింద లెక్కేయడం ఇచ్చినవాళ్ళకూ మంచిది కాదు, వాళ్ళ దేవుళ్ళకూ గౌరవం కాదు.

సువార్త చెప్పేవాళ్ళ మీద మాకు పగ లేదు. మా వైపు చదువుల చరిత్ర రాస్తే వాళ్ళ పేరు లేకుండా రాయలేం. 19వ శతాబ్దంలో గోదావరి పనుల మీద వచ్చిన ఇంగ్లీషు ఇంజనీర్ల చొరవతో దుమ్ముగూడెంలో కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ మిషన్ పెట్టింది. అక్కడ దశాబ్దాలు గడిపిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, మా మాటల గురించీ ఆచారాల గురించీ రాశాడు. మా భాషకు భాషగా విలువిచ్చి నేర్చుకున్న బయటివాళ్ళు ఈనాటికీ ఎంతమంది? రోడ్డు లేని గూడేనికి నడిచొచ్చి కుష్ఠు పుండ్లు కడిగినవాళ్ళు, జ్వరాలకు మందులిచ్చినవాళ్ళు ఉన్నారు. మా పెద్దల్లో కొందరికి అక్షరాలు అబ్బింది అలాంటి బడుల్లోనే. ఆ రుణం మేము కాదనం.

నమ్మకమే మమ్మల్ని ఈ అడవిలోకి నడిపించింది, దాన్ని దాచిపెట్టి సేవ చేయమంటే ఎలా అని వాళ్ళు అడుగుతారు. దాచమని మేము అనడం లేదు. ఎందుకొచ్చారు అని మేమే అడిగిన రోజున చెప్పండి. ఆదివారం మీ మందిరంలో చెప్పండి. సంతలో నిలబడి చెప్పండి, ఇష్టమున్నవాళ్ళు ఆగి వింటారు, లేనివాళ్ళు ఉప్పు, మిరపకాయలు కొనుక్కుని పోతారు. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. ఆ హక్కు అంటే తన మతం గురించి వివరించడమే తప్ప, ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. మా కొలత ఇంకా చిన్నది. వినేవాడు లేచి పోగలడా? సంతలో పోగలడు. వరద నీళ్ళ మధ్య పోలేడు. డోలీలో మోసుకొచ్చిన కూతురు ఆస్పత్రి బల్ల మీద ఉంటే తండ్రి పోలేడు. హాస్టల్లో అన్నం తినే ఎనిమిదేళ్ళ పిల్లవాడు పోలేడు. కాదనే వీలు లేనివాడి ముందు చెప్పింది బోధ కాదు, బేరం.

ఈ మాట ఒక్క చర్చికే కాదు. మమ్మల్ని ఆదివాసులు అనడం ఇష్టంలేక వనవాసులు అని పిలిచేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. వాళ్ళూ బడులు పెడతారు, వైద్య శిబిరాలు పెడతారు, గుడి కట్టిస్తామంటారు. ఇద్దరి మాటలో తేడా ఉంది గాని, అడుగున ఉన్నది ఒకటే. మాకు మతమంటూ ఏదీ లేదని, ఉన్నా అది తమ మతంలో తెలియక మిగిలిపోయిన ముక్క అని. మా గట్లు, గట్టుగట్టుకూ ఉన్న వేల్పులు, పడిగెలు, వాటి కథ పాడేవాళ్ళు, ఇవన్నీ వాళ్ళ కంటికి ఖాళీ జాగాలా కనిపిస్తాయి. విత్తనాల పండుగ చేయకుండా మేము విత్తనం చల్లం. కొత్తల పండుగ కాకుండా కొత్త పంట నోట పెట్టం. దీన్ని మతం అనరా? జనగణన ఫారంలో ఆరు మతాలకే విడిగా గళ్ళున్నాయి. 2011లో దేశమంతటా సుమారు 79 లక్షల మంది 'ఇతర మతాల' కింద చేరారు. అందులో 49 లక్షలకు పైగా సర్నా అని రాయించుకున్నవాళ్ళే. 2020 నవంబరులో సర్నాకు ప్రత్యేక కోడ్ కావాలని జార్ఖండ్ శాసనసభ తీర్మానం కూడా చేసింది.

చట్టం చేస్తే సరిపోతుందని కొందరంటారు. ఒడిశాలో 1967లోనే బలవంతంగా, ఆశపెట్టి మతం మార్చడాన్ని నేరం చేశారు. మధ్యప్రదేశ్‌లో 1968లో చేశారు. ఆ చట్టాల కింద విచారణ వస్తే జవాబు చెప్పుకోవలసింది మళ్ళీ ఆ పేదవాడే. ఎంతకు అమ్ముడుపోయావు అన్నట్టుగా అడుగుతారు. ఆలోచించి, ఇష్టపడి మారినవాడికి కూడా ఆ మాట తప్పదు. ఉత్తరప్రదేశ్ 2021 చట్టమైతే వెనకటి మతంలోకి తిరిగి వెళ్ళడాన్ని మార్పిడిగానే లెక్కపెట్టదు. ఆదివాసికి వెనకటి మతం ఏదని రాస్తారో మాకు తెలుసు.

ఇంత చెప్పి మా ఇంటి సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. చావు జరిగితే ఇంటింటి నుంచి బియ్యం, కట్టెలు తెచ్చి ఆ ఇంటి ముందు పెట్టడం మా ఆచారం. ఎవరెంత తెచ్చారని రాసుకోరు. కానీ ఇప్పుడు కొన్ని గూడేలలో ప్రార్థనకు పోయేవాళ్ళ ఇంట్లో చావైతే డోలు మోగదు, మోసేందుకు నలుగురు రారు. పండుగ చందా ఇవ్వలేదని కారణం చెబుతారు. చందా సంగతి మాట్లాడుకోవడానికి పంచాయితీ ఉంది, శవం ముందు కాదు. మాకు పొరుగునే ఉన్న బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోతే సొంత ఊళ్ళో పాతిపెట్టనివ్వలేదు. 2025 జనవరిలో ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇద్దరు జడ్జీలు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. శవం వారాల తరబడి మార్చురీలో ఉంది కనుక, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పాతిపెట్టమన్నారు. మతం పేరు చెప్పి మూట ఇవ్వడం తప్పయితే, మతం పేరు చెప్పి భుజం ఇవ్వకపోవడం కూడా తప్పే. మొదటిది బయటివాళ్ళు చేసేది, రెండోది మేము మాన్పించుకోవలసింది.

కాబట్టి సాయానికి వచ్చేవాళ్ళను మేము కోరేది కొంచెమే. 1996 పెసా చట్టంతో మా గ్రామసభలకు ఒక చోటు వచ్చింది. ముందు అక్కడికి రండి, ఏం తెచ్చారో చెప్పండి. ఎవరికి ముందు అందాలో మేము చెబుతాం. పంచేటప్పుడు పుస్తకాలు, జెండాలు లారీలోనే ఉంచండి. తీసుకునేవాళ్ళ ముఖాలు ఫోటో తీయకండి. మీ దేవుడి గురించి మాట్లాడాలనుకుంటే వేరే రోజు ఉత్తి చేతులతో రండి. చాప వేస్తాం, కూర్చోబెట్టి వింటాం. మా వేల్పు కథ మేము చెబితే మీరూ అంతసేపు కూర్చుని వినాలి. ప్రభుత్వాన్ని కోరేది ఇంకొకటి ఉంది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, బడికి పంతులు, గూడేనికి రోడ్డు ఉంటే మా వాళ్ళు దేవుణ్ణి జబ్బు చేసిన రోజున కాక, తీరిగ్గా ఎంచుకుంటారు.

మా బడిలో మధ్యాహ్నం పిల్లలు వరుసగా కూర్చుంటారు. కోడిగుడ్డు రోజున వంటమనిషి బకెట్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. మెడలో శిలువ ఉన్న పిల్లకు, నుదుట బొట్టు ఉన్న పిల్లకు, వేల్పుల ఇంటి పిల్లవాడికి తలా ఒక గుడ్డు పడుతుంది. ఎవర్నీ ఏమీ అడగదు. ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి.