చెరకు దారిలో ఇంజను నాడి

నిజామాబాదు నుంచి బోధనుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బస్సెక్కినవాడు ఒక కునుకు తీసి లేచేసరికి ఊరు వస్తుంది. కాని ఆ కునుకు తీయకుండా కిటికీ దగ్గర కూర్చున్నవాడికి ఈ దారి మంచి కథ చెబుతుంది. జానకంపేట వద్ద అశోక్‌సాగర్ చెరువు, ఆ తరువాత ఎడపల్లి, ఇరుప్రక్కలా కాలువ నీటి పొలాలు. ఈ పచ్చదనమంతా మంజీర చలవ. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ ఆనకట్ట ఈ మెట్టనేలకు నీరు తెచ్చింది. నీటి వెనుక చెరకు వచ్చింది. చెరకు వెనుక, 1937లో, బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పుట్టిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. పంచదారనే పేరుగా పెట్టుకున్న ఊరు ఎంతో తియ్యగా బ్రతికింది.

చెరకు వెనుక ఎడ్లబళ్ళు, బళ్ళ వెనుక లారీలు, లారీల వెనుక మెకానిక్కులు వచ్చారు. నేను వెళ్ళింది ఈ చివరివారిని చూడడానికి. దేవాలయాలనూ, కోటలనూ చూచి వచ్చేవారు చాలామంది ఉన్నారు; నల్లనూనె వాసన వేసే రేకుల షెడ్డు కూడా చూడదగిన చోటేనని నా నమ్మకం.

ఇంతకూ ఆ తియ్యదనం ఇప్పుడు లేదు. ఫ్యాక్టరీలో పెద్ద వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. చాలామంది రైతులు వరికీ, సోయాకూ, పసుపుకూ మళ్ళారు. చెరకును విడువనివారు దూరపు ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. దూరం పెరిగితే ఏమవుతుంది? డీజిలు ఖర్చు పెరుగుతుందని అందరూ చెబుతారు. ఇంజను రోగాలు బయటపడతాయని మాత్రం మెకానిక్కే చెప్పాలి.

"అప్పట్ల పొలంల నింపి శక్కర్‌నగర్ల దించేటోళ్ళు. ఇంజను కాగేలోపల్నే బండి ఖాళీ. రోగమున్నా ఎర్కపడకపోతుండె" అన్నాడు నిజామాబాదులో ఒక ఉస్తాదు. ఆయన పేరు చెప్పవద్దన్నాడు. కనుక ఉస్తాదు అనే అందాం. ఆ మాట నిజమని రుజువు చేయడానికే అన్నట్టు, గడకట్టెలకు మించి చెరకు ఎత్తిన పాత టాటా లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది.

దాని ఇంజను పేరు 697. ఆ అంకెలోనే అర్థమున్నది: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజి వారి సహకారంతో జెంషెడ్‌పూరులో లారీలు తయారుకావడం మొదలైంది. 1969లో ఆ ఒప్పందం ముగిసినా ఆ పరంపర మిగిలింది. ఈ ఇంజను ఆ పరంపరలోనిదే.

"ఏం తమ్మీ, సల్లగున్నప్పుడు కొడ్తున్నదా, కాగినంక కొడ్తున్నదా?"

"కాగినంకనే ఉస్తాద్. పొద్దున ఏం సప్పుడు లేకుండె. ముల్లు గూడ కిందికి పడ్డది."

ఈ ఒక్క జవాబుతో సగం వైద్యం అయిపోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, కాగిన కొద్దీ తగ్గితే అది పిస్టను బోరులో వదులై కొట్టుకోవడం. పొద్దున మూలిగి ఎండెక్కగానే లేచి తిరిగే ముసలివాని కీళ్ళనొప్పి వంటిది. దానితో చాలాకాలం బ్రతకవచ్చు. కాగిన తరువాత మొదలయ్యే కొట్టుడు వేరు. చిక్కని ఆయిలు కప్పిపుచ్చిన సందు, ఆయిలు పలచబడగానే నోరు విప్పుతుంది.

ఉస్తాదు వెంటనే పానా పట్టలేదు. ముందు గేజీ పుల్ల తీసి చూచి, వేళ్ళ మధ్య ఆయిలు రాసి వాసన చూచాడు. మట్టం పెరిగి డీజిలు వాసన వేస్తే పంపు నుంచో, సరిగా చిమ్మని నాజిలు నుంచో డీజిలు దిగి ఆయిలును పలచన చేస్తున్నదన్నమాట. పాలు కలిపిన కాఫీ రంగు ఉంటే నీళ్ళు చేరినట్టు. ఈ లారీకి రెండూ లేవు.

తరువాత ముల్లు సంగతి. డ్రైవరు ముందున్న గేజి అబద్ధమాడవచ్చు. కనుక ఇంజనుకు వేరే గేజి బిగించి చూచాడు. కాగిన ఇంజనుకు నిమిషానికి వేయి చుట్లకు పది పౌన్ల ఒత్తిడి ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. కంపెనీ పుస్తకం దొరికితే అందులోని అంకెదే పైచేయి. ఇక్కడ నిదానంగా తిరుగుతున్నప్పుడు ముల్లు అయిదు దగ్గర వణికింది.

ఒత్తిడి ఎందుకు పడుతుంది? నిజాంసాగర్ కాలువ క్రింది రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. పంపు ఆయిలును తోస్తుంది, అంతే. క్రాంకుకూ బేరింగు షెల్లుకూ మధ్య వెంట్రుక మందం సందు ఆ ఆయిలును ఆపి ఒత్తిడిని నిలబెడుతుంది. ఎగువన తూములన్నీ కారిపోతే చివరి పొలానికి నీరందదు కదా. షెల్లు అరిగి సందు పెరిగితే ఇదీ అంతే. చల్లగా ఉన్నప్పుడే ముల్లు లేవకపోతే పంపునూ, దాని జల్లెడనూ, రిలీఫ్ వాల్వు స్ప్రింగునూ ముందు చూడాలి. చల్లగా బాగుండి, కాగాక పడిపోతే అనుమానం బేరింగుల మీద.

ఇక ఏ సిలిండరు? ఇంజను నిదానంగా తిరుగుతుండగా ఉస్తాదు నాజిలు గొట్టాల నట్లను ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగించాడు. డీజిలు చర్మంలోకి దూసుకుపోగలదు కనుక మధ్య గుడ్డ అడ్డం పెట్టి, చేయి దూరంగా ఉంచాడు. నాలుగవది వదిలేసరికి కొట్టుడు మెత్తబడింది. నాజిలు చెడ్డా ఇలాగే తగ్గుతుంది. కాని ఆ చప్పుడు పదునుగా ఉంటుంది, పొగ వెంట వస్తుంది, ఒత్తిడి మాత్రం పడదు. ఇక్కడ పొగ లేదు, ఒత్తిడి లేదు. నాలుగవ రాడ్డు బేరింగు!

డ్రైవరే యజమాని. ఆయన ముఖం వాడింది. "జర గట్టి ఆయిలు పొయ్యి ఉస్తాద్, దించి వస్త. కోసిన చెరుకు ఎండుతది" అన్నాడు. ఆయన బాధ నిజమైనదే. కోసిన చెరకు ఆలస్యమైన కొద్దీ తూకం పడిపోతుంది, తీపీ తగ్గుతుంది; కాటాకు ముందే రైతు నష్టపోతాడు.

ఉస్తాదు మాట పెంచలేదు. సంపు ప్లగ్గు విప్పి, ఆయిలును తెల్లని గుడ్డలో వడగట్టి ఎండలో పెట్టాడు. గుడ్డ మీద సన్నని మెరుపులు కనిపించాయి. అయస్కాంతం త్రిప్పితే ఒక్కటీ లేవలేదు. ఇనుము కాదు, షెల్లు పూత.

"గట్టి ఆయిలు ముల్లును లేపుతది తమ్మీ, సందును పూడ్వది. ఈ బరువుతోని ఇంకిన్ని కిలోమీటర్లు పోతే రాడ్డు ఇరిగి బ్లాకును పొడుస్తది. ఇయ్యాల ఆగితే షెల్లులు, క్రాంకు గ్రైండింగు. రేపు ఆగితే ఇంజనే లేదు."

ఆ గుడ్డను డ్రైవరు చాలాసేపు చూచాడు. తరువాత ఫోను తీసి తమ్ముణ్ణి ట్రాక్టరు తెమ్మన్నాడు. చెరకు ట్రాలీలోకి మారింది. కూలి ఖర్చు అదనం. రాడ్డు విప్పితే క్రాంకు మీద గోరుకు తగిలే గీతలు. పావు మిల్లీమీటరు గ్రైండింగు చేసి, ఆ కొలతకు తగిన మందపు షెల్లులు వేస్తే చాలునన్నాడు ఉస్తాదు. ఇంకొక ట్రిప్పు కొట్టి ఉంటే ఆ పావు కూడా సరిపోయేది కాదట.

ఆ సాయంత్రం నేను బోధను చేరాను. శక్కర్‌నగర్ మీద పొగ లేదు. పాత కార్మికుడొకాయన టీ బంకు దగ్గర, సీజనులో చెరకుబళ్ళు ఎంత దూరం బారులు తీరేవో చేత్తో చూపించాడు. ఆ మాట సాగుతుండగానే చెరకు ట్రాక్టరొకటి మా ముందు నుంచి, ఫ్యాక్టరీకి వీపు పెట్టి, దూరపు దారి పట్టింది. ఆయన మాట ఆపి, అది మలుపు తిరిగేదాకా దాని చప్పుడు విన్నాడు.

"ఇంజను మంచిగనే ఉన్నది" అన్నాడు.