షెఫీల్డ్‌లో పులుపు పరీక్ష

లండన్ సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే రెండు గంటల్లో షెఫీల్డ్. స్టేషన్ బయటికి రాగానే దాదాపు తొంభై మీటర్ల పొడవున ఒక స్టీలు గోడ వంపు తిరిగి నిలబడి ఉంటుంది. దాని మీదుగా నీళ్లు పలచగా జారుతుంటాయి. పేరు ‘కటింగ్ ఎడ్జ్’. 2006లో కట్టారట. ఇంగ్లండు ముసురులో ఏళ్ల తరబడి నానుతున్నా తుప్పు మచ్చ కనబడలేదు. దగ్గరికెళ్లి వేలితో రుద్ది చూశాను. మా తమ్ముడి కొడుకు వంశీ నవ్వాడు. వాడిక్కడి యూనివర్సిటీలో లోహశాస్త్రం చదువుతున్నాడు.

“తుప్పు పట్టదు పెదనాన్నా. కానీ ఇదే రేకుని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచితే కరిగిపోతుంది.”

నాకు ఆశ్చర్యమేసింది. స్టీలంటే దేనికీ లొంగదని అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ‘ఏ యాసిడ్?’ అన్న ప్రశ్న అక్కడ నా వెంటబడి, ఊరు తిరిగినంతసేపూ వదల్లేదు.

స్టేషన్ నుంచి ఎగువకు పోయే హోవార్డ్ స్ట్రీట్‌లో ఒక ఇటుక గోడ నిండా హ్యారీ బ్రేర్లీ బొమ్మ ఉంది. ఆయన ఉక్కుకు నూరేళ్లు నిండిన 2013లో సారా యేట్స్ అనే చిత్రకారిణి వేసింది. బ్రేర్లీ 1871లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి మూసలో ఉక్కు కరిగించే కూలీ. పన్నెండో ఏట బడి మానేసి ఫర్త్ అనే ఉక్కు కంపెనీలో చేరిన కుర్రాడు, ప్రయోగశాలలో సీసాలు కడుగుతూ రసాయనశాస్త్రం నేర్చుకున్నాడు. చివరికి ఫర్త్, బ్రౌన్ కంపెనీలు కలిసి పెట్టిన పరిశోధనశాలకు పెద్ద అయ్యాడు.

చెత్తకుప్పలో మెరుస్తున్న ముక్క కంటబడి స్టెయిన్‌లెస్ స్టీలు కనిపెట్టాడని ఒక కథ ఊరంతా చెబుతుంది. ఆయన స్వయంగా రాసుకున్నది వేరు. 1912లో తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోతున్నాయని ఆయనకు పని అప్పజెప్పారు. వేడికి ఓర్చుకునే ఉక్కు కోసం క్రోమియం కలిపి చూస్తూ వచ్చాడు. 1913 ఆగస్టు 13న పోసిన ఉక్కులో క్రోమియం 12.8 శాతం, కర్బనం 0.24 శాతం. ఉక్కు లోపలి అల్లిక మైక్రోస్కోపులో కనబడాలంటే ముందు ముక్కను నున్నగా తీసి నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రవంతో తినిపించాలి. ఈ ముక్కను యాసిడ్ సరిగ్గా తినలేదు. ఇంకొకరైతే ద్రవం పాడైందనుకుని పారబోసేవారేమో. బ్రేర్లీ మాత్రం వంటింటి దారి పట్టాడు. వెనిగర్, నిమ్మరసం పోసి చూశాడు. మచ్చ పడలేదు. తుపాకీ కోసం మొదలెట్టిన పని చాకు దగ్గర తేలింది.

యజమానులు ఆసక్తి చూపలేదు. దాన్ని పట్టుకున్నది మోస్లీ అనే చాకుల కంపెనీ మేనేజరు ఎర్నెస్ట్ స్టువర్ట్. ఆ కంపెనీ నడిచిన పోర్ట్‌లాండ్ వర్క్స్ భవనం రాండల్ స్ట్రీట్‌లో ఇంకా ఉంది. 1870ల నాటి ఎర్ర ఇటుకల కట్టడం. నడిమి వాకిలి, చుట్టూ గదులు, మూలన పొగగొట్టం. దీన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చబోతే అడ్డుకుని, ఊరి జనం వాటాలేసుకుని 2013లో కొనేశారు. ఇప్పుడందులో చాకులు చేసేవాళ్లు, వెండి పూత వేసేవాళ్లు, గిటార్లు చేసేవాళ్లు అద్దెకుంటున్నారు. సందర్శకులను తిప్పే రోజు చూసుకుని వెళ్లాం.

మెట్ల పక్క గదిలో ఒక చాకుల పనివాడు పిడికి రివెట్లు కొడుతున్నాడు. నా ప్రశ్న వినగానే మాటలు మాని నిమ్మకాయ కోశాడు. ఒక పాత కర్బన ఉక్కు చాకు, ఒక స్టెయిన్‌లెస్ చాకు పక్కపక్కన పెట్టి రెండింటి మీదా రసం పిండాడు. మేం గది చూసి వచ్చేసరికి పాత చాకు మీద నీలం కలిసిన బూడిదరంగు మరక. గుడ్డతో తుడిస్తే గుడ్డకూ నల్లగా అంటింది. రెండోది కడిగితే కొత్తగానే ఉంది.

“కానీ పదునంటే పాతదే,” అన్నాడాయన మరక చాకును వేలితో నిమిరి. “మా తాత స్టెయిన్‌లెస్ చాకు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.”

తాతగారి కోపానికి కారణముంది. స్టువర్ట్ చేయించిన తొలి చాకులు అచ్చు పరికరాలనే పాడు చేశాయి. మామూలు ఉక్కుకు పదును పెట్టే వేడి దీనికి చాలదు. దాదాపు 1,000 డిగ్రీలు కావాలి. తరతరాలుగా కొలిమి రంగు చూసి వేడి కట్టే కమ్మరికి ఈ కొత్త ఉక్కు అంతుబట్టలేదు. బ్రేర్లీ పక్కన నిలబడి చూపించాకే పని కుదిరింది. ఈలోగా, తెగని చాకు కనిపెట్టిన మనిషని ఊళ్లో ఆయన మీద హాస్యాలాడారు.

ఇంతకీ మరక ఎందుకు పడదు? వంశీ చెప్పింది ఇదీ. క్రోమియం పదిన్నర శాతం దాటితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. కంటికి కనబడదు, మందం కొన్ని నానోమీటర్లు. గీరితే, పాల మీద మీగడ తీస్తే మళ్లీ కట్టినట్టు, అదే కట్టుకుంటుంది. ఆక్సిజన్ ఇచ్చే యాసిడ్ తగిలితే పొర ఇంకా గట్టిపడుతుంది. నైట్రిక్ యాసిడ్ అలాంటిదే. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోని క్లోరైడు మాత్రం పొరను చీల్చుకుని లోపలికి పోతుంది. ఉప్పులో ఉన్నదీ ఆ క్లోరైడే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో ఉల్లి, చీజ్ పై తిన్నాం. బల్ల మీద నారింజ రంగు లేబుల్‌తో హెండర్సన్స్ రెలిష్ సీసా. 1885 నుంచి ఈ ఊళ్లో చేస్తున్న సాస్. ఊరు దాటితే దొరకడం తక్కువ, ఊళ్లో అది లేని బల్ల తక్కువ. సీసా తిప్పి చదివితే అందులో వెనిగర్, దాని కిందే చింతపండు! చింతపండు రుచి ఎరిగిన ఊరు చింతపండుకు చెక్కుచెదరని గిన్నె ఇచ్చిందని నవ్వుకున్నాను. మా అమ్మ ఇత్తడి గిన్నెలో పులుసు కాచేది. కళాయి వెలిసిందంటే పులుసు చేదెక్కి, గిన్నెకు చిలుం పట్టేది. తగరం, నవాసాగరం, దూది పట్టుకుని కళాయివాడు వీధిలోకి వస్తే ఆ వీధి ఇత్తడంతా అరుగు మీదికొచ్చేది. స్టీలు గిన్నె వచ్చి ఆ బాధ తీర్చింది. కళాయివాడి బతుకూ తీసేసింది.

మర్నాడు కెల్హామ్ ఐలండ్ మ్యూజియం. డాన్ నది నుంచి మిల్లు కాలువ తీయడంతో ఏర్పడిన చిన్న లంక. వాకిట్లో ఉక్కు చేసే పాత బెస్సెమర్ కన్వర్టర్, లోపల 1905 నాటి 12,000 హార్స్‌పవర్ ఆవిరి ఇంజను. అది తిరుగుతుంటే నేల అదిరింది. నాకు మాత్రం అక్కడ వంశీ చెప్పిన ఒక పాత సంగతి ఇంజను కంటే బరువుగా తోచింది.

ఈ ఊళ్లోనే రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే మహా లోహశాస్త్రవేత్త ఉండేవాడు. మాంగనీసు ఉక్కు ఆయన చలవే. 1892లో ఆయన క్రోమియం కలిపిన ఉక్కులను పరీక్షించి, క్రోమియం వల్ల ఉక్కు యాసిడ్‌కు ఇంకా త్వరగా లొంగుతుందని తేల్చాడు. లెక్క తప్పలేదు. ఆయన ఎంచుకున్నది 50 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్. అందులో ఆ పొర నిలవదు. అంతకు డెబ్బై ఏళ్ల ముందే, 1821లో, క్రోమియం కలిపిన ఇనుము యాసిడ్‌ను తట్టుకుంటుందని, చాకులకు పనికొస్తుందని ఫ్రాన్సులో పియరీ బెర్తియే రాశాడు. ఆ రోజుల్లోనే లండన్‌లో మైకేల్ ఫారడే మన దేశపు ఉక్కును పరీక్షించడంతో మొదలుపెట్టి ఎన్నో మిశ్రమాలు పోశాడు. తెలంగాణలో కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసల్లో కాచిన ఉక్కుకు అప్పటికే ప్రపంచమంతటా పేరుంది. ఇన్ని దారులు కలిసేచోట హాడ్‌ఫీల్డ్ వేరే సీసా అందుకుని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు ఇరవై ఏళ్లు ముందే పుట్టేదేమో.

సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇప్పటికీ గట్టి శత్రువే. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగలో గంధకం ఉంటుంది. పొగ చల్లారేచోట అది యాసిడ్‌గా చెమర్చి గొట్టాలను తినేస్తుంది. అక్కడ ఖరీదైన స్టెయిన్‌లెస్ వాడాలనే అనిపిస్తుంది. జపాన్‌వాళ్లు వేరే దారి పట్టారు. మామూలు ఉక్కులో చిటికెడు రాగి, అంతకంటే తక్కువ ఆంటిమొనీ వేశారు. ఎస్-టెన్ అనే పేరుతో నిప్పన్ స్టీల్ అమ్మే ఈ ఉక్కు, యాసిడ్ తగలగానే పైన రాగి చేరిన పొర కట్టుకుని నిలుస్తుంది. స్టెయిన్‌లెస్‌కు కావలసినంత క్రోమియం, నికెల్ దీనికి అక్కర్లేదు కాబట్టి చవక.

చవక సంగతి పూర్తిగా అర్థమైంది రాథరమ్ దారిలోని టెంపుల్‌బరోలో. మూతబడిన పెద్ద ఉక్కు కర్మాగారాన్ని అక్కడ మాగ్నా పేరుతో ప్రదర్శనశాల చేశారు. చీకటి షెడ్డులో పాత ఎలక్ట్రిక్ కొలిమి ముందు నిలబెట్టి మంటలు, చప్పుళ్లతో కరిగింపును నటించి చూపిస్తారు. పిల్లలు కేకలేశారు, నేను చెవులు మూసుకున్నాను. బయట బెంచీ మీద వంశీ మిగతా పాఠం చెప్పాడు.

“బ్రేర్లీ ఉక్కు చాకుకి సరే పెదనాన్నా. యాసిడ్ ఫ్యాక్టరీకి చాలదు. అది జర్మనీ వాళ్ల పని.”

ఎసెన్‌లో క్రుప్ కంపెనీకి చెందిన స్ట్రాస్, మౌరర్ 1912లోనే క్రోమియంకు నికెల్ జోడించారు. నైట్రిక్ యాసిడ్ తొట్లకు, గొట్టాలకు అది దొరికింది. 1924లో షెఫీల్డ్‌లో బ్రేర్లీ తర్వాత వచ్చిన హాట్‌ఫీల్డ్ దాన్ని 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్‌గా కుదిర్చాడు. ఇవాళ 304 అని పిలిచే గ్రేడు ఆ కోవదే. చిక్కంతా నికెల్ ధరతోనే. రెండో ప్రపంచయుద్ధంలో, ఆ తర్వాత 1950లలో నికెల్ కరవొచ్చినప్పుడు దాని బదులు మాంగనీసు, నైట్రోజన్ వేసి 200 రకాలు తయారుచేశారు. మనదేశం నికెల్ దాదాపు అంతా దిగుమతే చేసుకుంటుంది. మాంగనీసు మాత్రం మన విజయనగరం జిల్లాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే తవ్వారు. గరివిడి పక్కన ఫెర్రో మిశ్రమాల కర్మాగారమూ వెలిసింది. క్రోమియం ఖనిజంలో సింహభాగం ఒడిశా సుకింద లోయది. అందుకే మన దగ్గర 200 రకం గిన్నెలకు అంత గిరాకీ.

అసలు ధర దింపింది మరొకటి. ఉక్కులో కర్బనం తగ్గించాలని ఆక్సిజన్ ఊదితే కర్బనంతోపాటు క్రోమియమూ కాలిపోయేది. అందుకని ముందే కర్బనం తీసేసిన ఖరీదైన ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమం) కొనాల్సి వచ్చేది. ఆక్సిజన్‌లో ఆర్గాన్ కలిపి ఊదితే కర్బనం ముందు పోతుంది, క్రోమియం మిగులుతుంది. 1950లలో అమెరికాలో క్రివ్‌స్కీ ప్రయోగాల్లో తట్టిన ఈ ఉపాయం 1968లో కర్మాగారంలోకి వచ్చింది. ఆ తర్వాత చవక ఫెర్రోక్రోమ్, పాత స్టీలు తుక్కు ఏది వేసినా మంచి ఉక్కు దిగింది. కొత్త రకాల్లో పొదుపు ఇంకా ముందుకెళ్లింది. 2023 దాకా ఈ ఊళ్లో కొలిమి నడిపిన ఔటోకుంపు కంపెనీ ఎల్‌డీఎక్స్ 2101 అనే ఉక్కులో నికెల్ ఒకటిన్నర శాతానికి దించి, ఐదు శాతం మాంగనీసు, కాస్త నైట్రోజన్‌తో సరిపెట్టింది. బలం మాత్రం 304ను మించింది.

షెఫీల్డ్‌లో నాకు తెలిసొచ్చింది ఇదే. యాసిడ్ అనేది ఒకటి కాదు, దాన్ని తట్టుకునే స్టీలూ ఒకటి కాదు. ఎక్కువ ధర పెడితే అన్నిటినీ తట్టుకుంటుందనే నమ్మకం వట్టిది. ఎదురయ్యే యాసిడ్‌ను ఎరిగి, దానికి చాలినంతే లోహం వేసినవాడే చవకగా గెలిచాడు.

ఇది వంటింటికీ వర్తిస్తుంది. అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలని దుకాణాల్లో ఇప్పటికీ పరీక్షిస్తుంటారు. ఆ పరీక్షతో మోసపోకండి. నికెల్ లేని 430 గ్రేడుకు అయస్కాంతం అంటుతుంది, అయినా అందులో క్రోమియం 16 శాతం దాటి ఉంటుంది. నికెల్ తగ్గించిన 200 రకానికి అంటదు, 304కీ అంటదు. 304 కూడా బాగా వంచిన అంచుల దగ్గర కాస్త పట్టుకోవచ్చు. కాబట్టి గిన్నె కొనేటప్పుడు గ్రేడు అడగండి, బిల్లు మీద రాయించుకోండి. స్టీలు పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఆ గుర్తు చూడండి. పులుసు స్టీలు గిన్నెలో నిర్భయంగా కాచుకోండి. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి ఊరే ఆవకాయను మాత్రం ఎంత ఖరీదైన స్టీలు డబ్బాలోనూ పెట్టకండి. దానికి జాడీయే సరైనది.