శీలావతి వెళ్లిన దారి

ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టాయి, ఓసారి చూసి రాయండి అని ఎడిటరుగారు పంపారు. ఏలూరులో తెల్లారకుండానే బయల్దేరాను. కైకలూరు వైపు పోతూ టీ కోసం ఓ చేపల ప్యాకింగ్ షెడ్డు పక్కన ఆగాను. పక్షుల దాకా పోనే లేదు. మధ్యాహ్నం వరకూ ఆ షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు మీదే కూర్చుండిపోయాను.

దానికి కారణం ఓ చేప. చెరువు నుంచి వచ్చిన సరుకుని నేల మీద కుమ్మరించారు. మూడు కిలోలుండే శీలావతి ఒకటి తడి సిమెంటు మీద జర్రున జారి మురుగుకాలవ వైపు పోతోంది. ట్రేలు సర్దుతున్న పెద్దాయన తల కూడా తిప్పలేదు. కుడికాలు పక్కకి వేశాడు. చేప ఆయన పాదం లోపలి వైపున తగిలి ఆగింది. అదే పాదంతో మెత్తగా నెట్టాడు, చేప వచ్చి ట్రే పక్కన పడింది. ఆ ఆపడంలో తొందర లేదు, తడబాటు లేదు. చేపలు పట్టేవాళ్లని చాలామందిని చూశాను. ఈ కాలు వాళ్లది కాదు.

"ఏం ఆడేవారండీ?" అన్నాను.

"ఫుట్‌బాల్లో బ్యాకండి. స్టాపరు బ్యాకు," అన్నాడాయన, ఐసు పార కిందపెట్టకుండానే.

షెడ్డులో కుర్రాళ్లు ఆయన్ని 'బ్యాకు బాబాయ్' అంటారు. లారీ వెనక నిలబడి లోడు ఎక్కిస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటున్నారు. ఆయనా సరిదిద్దలేదు. నేనూ బాబాయ్ అనే పిలిచాను.

ఆయన చేతుల గురించి చెప్పాలి. నలభై ఏళ్లుగా ఐసులో నాని అరచేతులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. ఆ వేళ్లతోనే చేపని ఎత్తుతాడు, బొటనవేలితో మొప్ప తెరుస్తాడు, ఎరుపు చూస్తాడు, మూస్తాడు. ట్రేలో అడుగున ఐసు, పైన తలకి తోక ఎదురుగా ఓ వరస చేపలు, మళ్లీ ఐసు. ఎక్కడ సందుంటే అక్కడ పిడికెడు ఐసు కూరతాడు. కొత్త కుర్రాడు ఒకడు చేపని గట్టిగా నొక్కి పట్టుకోబోతే అది చెయ్యి జారిపోయింది. "నొక్కితే జారుద్దిరా. అది ఎటు పోద్దో ముందే అక్కడుండాలి," అన్నాడు బాబాయ్. నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇటు తిరిగాడు. "మాదీ అంతేనండి. ఎదుటోడు నడుము ఊపుతాడు, భుజం ఊపుతాడు. అవి చూశామా, అయిపోయాం. బంతి ఒక్కటే చూడాలి."

ఇంతలో మరో కుర్రాడు ఫోన్లో గోళ్లన్నీ ఒకచోట కూర్చిన వీడియో చూస్తూ కేరింత కొట్టాడు. బాబాయికి చిర్రెత్తింది. "కొట్టినోడి పేరు అందరూ చెప్తార్రా. ఆపినోడి పేరొకటి చెప్పు చూద్దాం!"

ఎవరూ చెప్పలేదు. నేనూ ఓ క్షణం తడుముకున్నాను, సిగ్గేసింది. మనకి ఆ పేరుంది. హైదరాబాదు కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్ బ్యాకుగా ఆడి, 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్లో చేరాడు. ఆ ఊళ్లో మోహన్ బగాన్‌కీ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ కూడా ఆడాడు. 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా జట్టుకి కెప్టెన్. జపాన్ మీద 1-0తో గెలిచి కాంస్యం తెచ్చాడు. ఆడటం మానేశాక కోచ్‌గా మళ్లీ ఈస్ట్ బెంగాల్‌కే వెళ్లి, 1990లో ఒకే ఏడు మూడు పెద్ద కప్పులు గెలిపించాడు. ఆ ఏడే ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆటగాడిగా అర్జున మాత్రం 1997 దాకా రాలేదు. శిష్యులకి నేర్పినందుకు ముందూ, తను ఆడినందుకు వెనకా! బ్యాకు బతుకింతేనేమో.

ఇంకోటి గుర్తొచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం. కోచ్ హైదరాబాదు రహీం సాహెబ్. జట్టులో మన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆ మ్యాచ్ అనగానే అందరూ తల్చుకునేది జర్నైల్ సింగ్‌ని. ఆయన అసలు బ్యాకు. తలకి కుట్లు పడ్డ మనిషిని రహీం ముందుకి పంపితే గోలు కొట్టాడు. ఏళ్ల తరబడి ఆపిన గోళ్లు ఎవరికీ గుర్తు లేవు, ఆ కొట్టిన ఒక్కటే గుర్తు. బాబాయికి ఈ మాట చెబితే నవ్వి, "చూశారా మరి!" అన్నాడు.

షెడ్డు ముందు లారీ హావ్‌డా పోతుందట. కొల్లేటి చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చాలామట్టుకు బెంగాలుకీ ఆ పై రాష్ట్రాలకీ పోతాయి. మనకి కొరమేను ఉంటే చాలు. శీలావతి విలువ తెలిసినవాడు కలకత్తాలో ఉన్నాడు. బ్యాకు విలువ తెలిసినవాడూ అక్కడే ఉన్నాడు. నయీం వెళ్లిందీ, బలరాం వెళ్లిందీ ఈ దిక్కుకే. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆంధ్రకి గానీ తెలంగాణకి గానీ ఆ కప్పు మళ్లీ రాలేదు.

బాబాయ్ కలకత్తా దాకా వెళ్లలేదు. ఏలూరులో కాలేజీ జట్టుకీ, జిల్లా జట్టుకీ ఆడాడు. తాడేపల్లిగూడెంలో అక్కగారింట ఉన్న ఏడాది, యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద రోజూ పొద్దున్నే పరిగెత్తేవాడట. ఓ టోర్నమెంటులో ఎడమ మోకాలు మెలిపడింది. ఆడించినవాళ్లు కట్టు కట్టించి బస్సెక్కించారు. అంతే. "మళ్లీ కబురు రాలేదండి," అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. నాకు వచ్చింది.

కోపం రావలసింది అసలు ఇంకోచోట. చిన్నప్పుడు ఎక్కడ ఆడేవారని అడిగితే గుమ్మంలోకి తీసుకెళ్లి చూపించాడు. కనుచూపు మేర నీళ్లు, గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. "ఇదంతానండి. ఎండాకాలం కొల్లేరు వెనక్కి పోయేది. నేల ఎండి బిళ్లలు బిళ్లలుగా పగిలేది. దాని మీద ఆడేవాళ్లం. పడితే దెబ్బ తగిలేది కాదు." తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు దారిన సముద్రంలో కలిసిపోగానే తేలే నేల అది. పెట్టుబడి వచ్చింది, నేల చెరువులైంది. 1999లో అయిదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరని గట్లు తెగ్గొట్టారు. తెగిన గట్లలో తిరిగి లేచినవీ ఉన్నాయి. పక్షుల కోసం ఇంత చట్టం, ఇన్ని జీవోలు. మంచిదే, నేను వచ్చింది కూడా వాటి కోసమే. పిల్లలు ఆడే నేల పోయిందని మాత్రం ఏ కాగితంలోనూ లేదు. పట్నంలో గంటకింతని అద్దెకిచ్చే టర్ఫులున్నాయి. లంకల్లో పిల్లాడు గట్టు మీద బంతి తంతే నీళ్లలో పడుతుంది, తీసుకోబోతే చెరువు కాపలావాడు అరుస్తాడు. గట్టు వెడల్పులో స్టాపరు బ్యాకు పుట్టడు. వాడు తయారు కావాలంటే ఎదుటోడు నాలుగు దిక్కులా పారిపోగలిగినంత నేల ఉండాలి.

నూటయిదు మీటర్ల పొడుగు, అరవయ్యెనిమిది మీటర్ల వెడల్పు. అంతర్జాతీయ మ్యాచ్‌లాడే మైదానానికి సరిపోయే కొలత అది. లెక్క కడితే రెండెకరాలు కూడా లేదు, ఎకరం ముప్పావు. చెరువుల లీజు వేలం పాటలు పెట్టుకునే పంచాయతీల పెద్దలకి నా మనవి ఒక్కటే. ఈసారి పాటలో ఎక్కడైనా ఒక్క ముక్క, అభయారణ్యం హద్దుకి బయట, చదునుగా ఉన్నది, పెట్టకుండా వదలండి. గోలుపోస్టులకి వెదుళ్లు తనే తెస్తానన్నాడు బాబాయ్.